ఆదివారం ప్రశ్నలు

ఆదివారం పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు.

కట్టుడుపళ్లు తయారుచేసే అతను విసుక్కుంటూ లేచాడు.

గుమ్మంలో అరవై దాటినావిడ. చేతిలో పరీక్షల అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు.

ఏ ఊళ్లో బతకడానికి ఎంతవుతోంది, ఏ ఊళ్లో బతుకు ఎలా ఉంది అని పోల్చి చూస్తున్నామంది. వేరే ఊరినుంచి వచ్చినవాళ్లనే అడుగుతున్నామంది.

అతను వచ్చి ఏడాదిన్నర. జీతం రెండింతలైంది. గది మాత్రం, కుర్చీ వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు.

ఆ కుర్చీలోనే ఆమె కూర్చుంది. అద్దె, పాలు, బస్సు టికెట్టు, క్షవరం ఒక్కొక్కటే అడిగి, అక్కడెంతో ఇక్కడెంతో పక్కపక్కనే రాసుకుంది.

చివర్న తలెత్తింది.

"అక్కడ రోజుకి ఎంతమంది నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు బాబూ?"

"ఎవరు లెక్కపెట్టారమ్మా. వీధి చివర కొట్టతను మొదలుకుని అందరూ."

"ఇక్కడో?"

అతను ఆలోచించాడు. ల్యాబులో అతనిది ఏడో నంబరు బల్ల. పని పడితే అందరూ 'ఏడూ' అనే పిలుస్తారు.

"సున్నా వేసుకోండి," అన్నాడు.

పై ఆదివారం, కొన్ని ప్రశ్నలు మిగిలిపోయాయంటూ మళ్లీ వచ్చింది. జ్వరమొస్తే ఎవరికి చెప్పుకుంటావని అడిగింది. ఆ తర్వాతి వారం, ఇంకొకరితో కలిసి భోంచేసి ఎన్నాళ్లయిందని అడిగింది.

అతను జవాబుతో మొదలుపెట్టి చిన్నప్పటి సంగతుల్లోకి వెళ్లిపోయేవాడు. ఆమె రాయడం ఆపి వినేది.

నాలుగో వారం, తనకే తెలియకుండా గది ఊడ్చి, రెండు గ్లాసులు కడిగి పెట్టాడు.

ఆరో ఆదివారం అతని మనసు బాగాలేదు. ముందురోజు ఒక పళ్లసెట్టు కొలత తప్పింది. యజమాని పదిమందిలో కడిగేశాడు.

తలుపు చప్పుడైంది.

"ఇంకెన్ని వారాలు అడుగుతారమ్మా? మీకైతే ఇది ఉద్యోగం. నాకున్నది ఒక్క ఆదివారం."

ఆమె అట్టను చంకలో పెట్టుకుంది.

"అయిపోయాయి బాబూ. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

మరుసటి ఆదివారం తలుపు చప్పుడు కాలేదు. ఆ పై ఆదివారమూ కాలేదు.

మూడోవారం అతను ఒకపూట సెలవు పెట్టి, ఆమె కాగితాల మీద అచ్చయి ఉన్న ఆఫీసు వెతుక్కుంటూ రెండు బస్సులు మారి వెళ్లాడు. క్షమించమని ఒక్కమాట చెప్పాలనుకున్నాడు.

గుమాస్తాకు మొదట అర్థం కాలేదు. ఆ వివరాలన్నీ ఇప్పుడు ఫోన్లోనే అడుగుతామని, ఇళ్లకు మనిషిని పంపి ఐదేళ్లయిందని చెప్పాడు. అతను ఆమె పోలికలు వర్ణించాక గుర్తుపట్టాడు.

"ఆవిడా? రిటైరై నాలుగేళ్లయింది. మూడు వారాల కిందట పింఛను ఇంకో ఊరికి మార్పించుకుని వెళ్లిపోయారు. ఇక్కడ అద్దె కట్టలేకపోతున్నారట. అక్కడ చవకట."

"అక్కడ ఆవిడకి ఎవరున్నారు?"

"నేనూ అదే అడిగాను. ఎవరూ లేరన్నారు."

ఇన్నాళ్లూ ఈ ఊళ్లో ఆమె ఎక్కడుండేదో చెప్పమని అతను బతిమాలాడు.

గుమాస్తా ఫైలు తిప్పి చూపించిన చిరునామా అతనుంటున్న మేడదే. పన్నెండేళ్లుగా ఆమె ఒంటరిగా ఉన్నది సరిగ్గా అతని గది పైగదిలో.