ముందు గది

టైలరు బజారు పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి బీరువా వరండాలో అడ్డంగా నిలబడి ఉంది.

"ఇదేంటే?" అన్నాడు భార్యతో.

"నన్నడుగుతారేం? మీ అద్దె మనిషిని అడగండి. గదిలో అదుంటే ఊపిరాడటం లేదట."

అద్దె మనిషి ఒక ముసలాయన. నెల కిందట ట్రంకుపెట్టెతో వచ్చి వెనక గదిలో దిగాడు. నా అనేవాళ్ళు లేరన్నాడు. మూడో రోజునే నసుగుతూ అడిగాడు.

"బాబూ, నాకు ముందు గది ఇస్తావా? ఇక్కడ చీకటి. కళ్ళు ఆనడం లేదు."

ఇంట్లో మంచి గది అదొక్కటే. రెండు కిటికీలు. కూతుళ్ళిద్దరూ పడుకునేది అక్కడే, కుట్టుమిషనూ అక్కడే. టైలరు మొహమాటానికి సరేనన్నాడు.

పిల్లలు వెనక గదిలోకి వెళ్ళారు. వారం తిరక్కుండానే మిషను వరండాలోకి వచ్చింది. ఇప్పుడు బీరువా.

"గాలీ వెలుతురూ అన్నీ ఆయనకే కావాలి. రేపు మనల్ని కూడా వరండాలోకి తోస్తాడు," అంది భార్య.

చిన్నది ఓసారి బంతి కోసం ఆ గుమ్మంలో కాలు పెట్టింది. ముసలాయన ఇల్లదిరేలా అరిచాడు.

"పో! పో అవతలికి!"

పిల్ల జడుసుకుని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పెద్దది ఆయనకు ఉరుము తాత అని పేరు పెట్టింది.

"నాన్నా, ఉరుము తాత నేలకు చెవి ఆనించి పడుకున్నాడు," అంది ఒకరోజు కిటికీలోంచి చూసి వచ్చి.

"నేల ఏమంటోందట?" అని నవ్వాడు టైలరు.

ఆ వీధిలో గోడలకు బీటలు మామూలే. కాంట్రాక్టరు సిమెంటు మింగేశాడని తిట్టుకుని, సున్నం పూసి ఊరుకునేవారు.

తర్వాత ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. వరండాలో జల్లు కొట్టి, కుట్టి పెట్టిన స్కూలు యూనిఫారాలన్నీ బురద మరకలయ్యాయి.

టైలరుకు ఒళ్ళు మండింది.

"రేపు పొద్దున్నే ఖాళీ చెయ్యండి."

ముసలాయన చేతులు జోడించాడు.

"నేను పోతాను. ఆ గదిలోకి మాత్రం మీరెవరూ పోవద్దు బాబూ. దాని కింద పాత గనిలోకి దిగే బావి ఉంది."

టైలరు భార్య పకపకా నవ్వింది.

"బాగుంది! ఇన్నాళ్ళకు మంచి కథే దొరికింది."

"కథ కాదమ్మా. గనుల ఆఫీసులో చెప్పాను. మనిషిని పంపుతామన్నారు. అందాకా..."

"ఊళ్ళో ఎవరికీ తెలియని బావి మీకెలా తెలుసు?" అన్నాడు టైలరు.

ముసలాయన తల దించుకుని గదిలోకి నడిచాడు.

"చూశావా? అడిగితే నోరు పెగల్దు."

మర్నాడు పొద్దున టైలరు మిషను లోపలికి చేర్చడానికి ఇద్దరు కూలీలను వెంటబెట్టుకొచ్చాడు. ముందు గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"తలుపు తియ్యండి!"

"తియ్యను. ఎవరూ లోపలికి రావద్దు. కింద మట్టి రాలుతోంది. ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వీధిలోకి పోండి."

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావా? ఉండు, నీ సంగతి చెప్తా!"

టైలరు విసవిసా పోలీస్‌స్టేషను వైపు నడిచాడు. కూలీలు వానకు తడవలేక ఎదురింటి చూరు కిందికి చేరారు. భార్య ఇరుగుపొరుగుకు ఈ విడ్డూరం చెప్పుకోవడానికి పిల్లల రెక్కలు పట్టుకుని బయటికొచ్చింది.

టైలరు కానిస్టేబులుతో వీధి మలుపు తిరిగేటప్పుడు వినబడింది. పెద్ద చప్పుడేం కాదు. నిండు బస్తా ఒకటి భుజం మీంచి దింపినట్టు.

వచ్చి చూస్తే ఇల్లు సగమే ఉంది.

ముందు గది లేదు. నేల ఉండాల్సిన చోట నల్లగా, గుండ్రంగా ఒక గొయ్యి. గోడ ఇటుకలు ఇంకా ఒక్కొక్కటే అందులోకి జారుతున్నాయి. అడుగున పడ్డ చప్పుడు మాత్రం పైకి రావడం లేదు.

భార్య పిల్లలిద్దరినీ పొదివి పట్టుకుని రోడ్డు మీదే కూలబడింది.

మూడో రోజున గనుల శాఖ ఆఫీసరు ఒక పాత ఫైలు పట్టుకుని వచ్చాడు.

"మనిషిని దింపి వెతికించడం కుదరదండి. అంచులు ఇంకా విరుగుతున్నాయి."

టైలరు తల ఊపాడు.

"గని మూసేసినప్పుడు ఈ బావిని అడుగు నుంచీ పూడ్చేశారని రాసుంది. ఆ కాగితం నమ్మే ఇళ్ళకు అనుమతి ఇచ్చారు. నిజానికి పైన దుంగలు పరిచి మట్టి కప్పారంతే. దుంగలు ఇన్నేళ్ళకు కుళ్ళిపోయాయి."

"ఆ పెద్దాయన మీ ఆఫీసుకు వచ్చి చెప్పాడటగా?" అంది భార్య.

ఆఫీసరు తలెత్తలేదు.

"పదకొండు సార్లు వచ్చాడు. మతి చెడిందనుకున్నాం."

ఆమె భోరుమంది.

"పిల్లలు పడుకునే చోట తను పడుకున్నాడు. నోటికొచ్చినట్టల్లా అన్నాను. ముక్కూ మొహం తెలియని మాకోసం ఆయనకేం పట్టిందయ్యా?"

ఆఫీసరు ఫైల్లోంచి పసుపుబారిన కాగితం ఒకటి తీసి టైలరు చేతికిచ్చాడు.

బావిని దగ్గరుండి పూర్తిగా పూడ్పించానని, పైన నిర్భయంగా ఇళ్ళు కట్టుకోవచ్చని రాసి, గని సర్వేయరుగా కింద సంతకం పెట్టింది ఆ ముసలాయనే.