ముట్టని సగం

మంచు కొండల మధ్య సముద్రం అడుగు నుంచి తవ్విన బురద, ఒక పొడవాటి గొట్టంలో హన్మకొండలోని మా ల్యాబ్‌కు వచ్చింది. అందులో పురుగులు తొలిచిన బొరియలను పరిశీలించడం మా పని. గొట్టాన్ని నిలువునా కోసి, ఒక సగం మీద పని చేస్తాం. రెండో సగాన్ని ఎవరూ ముట్టకుండా ఫ్రిజ్‌లో దాస్తాం.

కోసేటప్పుడు ఒక బొరియలో ఏదో కదలడం నేనే ముందు చూశాను.

"రాకేషన్నా, జర ఆగు. అది బతికే ఉన్నది."

సీనియర్ రాకేష్ నవ్వాడు. "పురుగుకు గూడ ఫికర్ జేస్తవా పూజా?" అంటూ బురదను కోసే తీగను లాగేశాడు. తెగిన తోకను సీసాలో వేసి, తనే కనిపెట్టానని అందరికీ చూపించుకున్నాడు. తల రెండో సగంతోపాటు ఫ్రిజ్‌లోకి పోయింది.

నిన్న చీకటి పడ్డాక ఫ్రిజ్ తెరిచాను. ముట్టని సగంలో బొరియ గొట్టం చివరిదాకా పెరిగి ఉంది. దానికి చుట్టిన కవరుకు చిల్లు పడింది. నేల మీద తడి బురద చార ఒకటి, తోక ఉన్న సీసా పెట్టిన బల్లను దాటుకుని, నేరుగా రాకేష్ ఇంకా పని చేసుకుంటున్న గదిలోకి వెళ్లింది.

అప్పుడే కరెంటు పోయింది.

"పూజా! కాలుకు ఏందో సుట్టుకుంటాంది! జల్ది లైటెయ్యి!"

ఫోన్ నా చేతిలోనే ఉంది.

"పురుగుకు గూడ ఫికర్ జేస్తవా, అన్నా?" అన్నాను.

అరుపు ఆగింది. తర్వాత మెత్తగా, తీరిగ్గా, బురదను తొలుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ గదిలో తొలిచేంత బురద లేదు.