పైవాడి గడి

"తాతా, ఫీడ్ వచ్చేసింది," అంది గీతాంజలి, అరుగు మీద ల్యాప్‌టాప్ తెరుస్తూ.

నారాయణప్ప గబగబా చెప్పులేసుకున్నాడు. పొద్దుటి నుంచి కొట్టంలో ఆవులు ఖాళీ తొట్టి వంక చూస్తున్నాయి, ఆయన దాణా లారీ కోసం దేవనహళ్ళి రోడ్డు వంక చూస్తున్నాడు.

"ఎన్ని మూటలు?"

"మూటలు కాదు తాతా, ఎంట్రీలు."

ఆయన గేటు దాకా పోయి, లారీ లేని రోడ్డును కాసేపు పరిశీలించి వెనక్కొచ్చాడు. "యాడుండాది?"

"ఇందులో," అని ల్యాప్‌టాప్ చూపించింది.

"దాంట్లో పట్టే బూసా ముందరేస్తే ఆవు నా ముఖం జూసి నవ్వుతాది," అని చెప్పులు విప్పేశాడు.

గీతాంజలి ఆయన అన్న మనవరాలు, హనుమంతు కూతురు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. వంశానికంతా కలిపి ఒక వెబ్‌సైట్ పెట్టింది. ఎవరింటి కబుర్లు వాళ్ళు తమ పేజీలో రాసుకుంటే, అవి ఫీడ్‌గా బయల్దేరి అందరి కబుర్లతో పాటు ఒకచోట చేరతాయి. ఎవరి కింద ఎవరో తెలియడానికి ఒక్కో ఫీడ్‌లో ఒక గడి ఉంది. అందులో తండ్రి పేజీ పేరు వేయాలి. మొదట ఆ గడికి 'మీ పైవాడు ఎవరు?' అని పేరు పెడితే సగం వంశం తిరుపతి వెంకన్న పేరు రాసింది. అందుకని ఒట్టి 'పై' అని మార్చింది.

"ఇదిగో నీ పేరు తాతా. దీని కింద..." అంటూ గీతాంజలి ఆగిపోయింది.

నారాయణప్ప కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. తన పేరు కింద హనుమంతు. వాడి పక్కన ఓబులేసు. ఆ పక్కన సత్యభామ.

"వీళ్ళు మా అన్న పిల్లోళ్ళు గదా? నా కిందికెట్లొచ్చినారు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. మా నాన్న కూడా ఉన్నాడు."

నారాయణప్పకు అర్థమైంది. ఆయనకు పిల్లల్లేరు, భార్య పోయింది, మిగిలింది రోడ్డు పక్కన రాగిచేను. రోడ్డవతల కొత్త ఏర్‌పోర్టు గోడ లేచినప్పటి నుంచి ఆ చేలో రాగులకన్నా చుట్టాలు ఎక్కువ మొలుస్తున్నారు.

"నన్నొక మాట అడగొద్దా?"

"అడగక్కర్లేదు తాతా. ఈ ఫీడ్‌లకు పెట్టిన స్టాండర్డే అట్లుంటుంది. నా పైన ఫలానా వాళ్ళున్నారని కిందవాళ్ళు చెబితే చాలు. పైవాళ్ళ పర్మిషన్ అవసరం లేదు."

"ఆ స్టాండర్డ్ రాసినోళ్ళకు పిల్లలుండారా?"

"తెలీదు."

"పిల్లలుండచ్చు. చేను ఉండదు." ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇది ఫీడు గాదు పాపా, పీడ. ఈ లెక్కన నేనూ ఎవరి కిందికైనా చేరచ్చా?"

"చేరచ్చు."

"వాళ్ళనూ అడగరు గదా?"

"అడగరు."

"అయితే నా పైన హనుమంతు పేరు వెయ్యి."

"మా నాన్ననా?"

"కొడుకయ్యేది వాడికే వస్తాదా? నాకూ వస్తాది. ఇంక నాకు సంగటి పెట్టేది, జొరమొస్తే ఆస్పత్రికి తీసకపోయేది, నా ఆవులకు బూసా తెచ్చేది మా నాయన పని."

గీతాంజలి వేసింది. హనుమంతు పైన నారాయణప్ప, నారాయణప్ప పైన హనుమంతు. ఎవరికి ఎవరు తండ్రో తేలక పేజీ గిర్రున తిరగసాగింది.

"ఇప్పుడు నువ్వు నాకు అక్కవైతివి," అన్నాడు నారాయణప్ప. "లోపల తింటాండారే, వాళ్ళను పిలువు, అక్కా."

ఆదివారం భోజనానికొచ్చిన ముగ్గురూ చేతులు తుడుచుకుంటూ అరుగు మీదికొచ్చారు.

"ఏమప్పా హనుమంతూ, నేను బతికుండంగానే నాకు కొడుకైపోతివంట?"

"నేనా? ఎప్పుడు చిన్నాయనా?"

"దీంట్లో వేసుకున్నావు గదా. ఓబులేసూ వేసుకున్నాడు. ఆడబిడ్డ సత్యభామ, అదీ వెనకబడలా."

"నేనేం వేసుకోలేదు," అంది సత్యభామ. "పెరుగన్నం మధ్యలో లేపి ఇదేం మాట?"

గీతాంజలి తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, పై గడిలో ఏం రాసినావు?"

"ఏమీ రాయలేదు. మా నాయన పోయి ఎన్నేండ్లాయె, ఆయనకు ఫీడ్ యాడుంటాది? ఖాళీగా వదిలేసినా."

"నేనూ అంతే," అన్నాడు ఓబులేసు. సత్యభామ తలూపింది.

గీతాంజలి ప్రోగ్రాం తెరిచి చూసింది. తర్వాత అందరికీ వినపడేట్టు చెప్పింది. "తప్పు నాదే. గడి ఖాళీగా ఉంటే ప్రోగ్రాం ఊరుకోదు. సైట్‌లో మొదట చేరినవాళ్ళ పేరు దానంతటదే వేసేస్తుంది. మొదట చేర్చింది తాతను. అందుకే నాయన లేనివాళ్ళంతా పోయి తాత కింద పడ్డారు."

"అంటే వీళ్ళెవరూ నన్ను వేసుకోలేదా?" అన్నాడు నారాయణప్ప.

"ఎవ్వరూ వేసుకోలేదు తాతా. నువ్వేం భయపడద్దు."

"నీ చేను మాకెందుకు చిన్నాయనా?" అన్నాడు హనుమంతు. "మాకుండేది దున్నేదానికే మనుషుల్లేరు."

గీతాంజలి ప్రోగ్రాం సరిచేసి మీట నొక్కింది. పేజీ తిరగడం ఆగింది. సత్యభామ పోయింది, ఓబులేసు పోయాడు, హనుమంతు పోయాడు. నారాయణప్ప పేరు కింద తెల్లగా ఖాళీ మిగిలింది. ఆయన ఆ ఖాళీ వైపు, లారీ రాని రోడ్డును చూసినట్టే చూశాడు.

ఓబులేసు వంగి తెర మీద వేలు పెట్టాడు. "ఇదేంది? మా అన్న కింద చిన్నాయన ఉండాడే?"

"అది తాత కోపంలో వేయించుకున్నది," అంది గీతాంజలి. "దాన్నీ తీసేస్తా."

నారాయణప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాళ్ళు వేసుకోనివి తీసేస్తివి, న్యాయమే. ఇది నేను వేసుకునింది గదా. ఉండనీ, అక్కా."