చేరెడు నీళ్లు

ఇట్ల నా పక్కకు జరుగు తల్లీ, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

కంభం చెరువు మీద మంచు ఇంకా లేవని పొద్దు అది.

చెరువు కింది పల్లెలో, పాలకేంద్రం అరుగు మీద, వేన్నీళ్ల గిన్నె ముందర పెట్టుకొని ఒకాయన కూర్చోనుండాడు. పేరు ఆనంద్ బాబు. పాల పరీక్షకు కొత్తగా వచ్చినాడు.

ఇంటికొక గాజు గొట్టం. గొట్టంలో పచ్చిపాలు. పాలల్లో ఇంత నీలం మందు.

చూస్తుండగానే పది గొట్టాలూ తెల్లారకముందటి ఆకాశం రంగుకు తిరిగినాయి. జనం మాటలు మరిచి చూస్తుండారు.

"మంచి పాలు సాయంత్రం దాకా ఇట్లనే నీలంగా ఉంటాయి. క్రిములుంటే ఆ నీలాన్ని పోగొడతాయి, మళ్లీ తెల్లబడతాయి," అన్నాడు ఆయన.

"అయితే మంచిదే గదా, పాలు పాలైనట్టు," అన్నాడు అంకన్న. అందరూ నవ్వినారు.

గంట తిరిగేసరికి ఒకే ఒక్క గొట్టం తెల్లబడింది. రాఘవమ్మది.

"ఏంది రాఘవమ్మా, ఊరందరికంటే ముందు నీకే తెల్లారిందే," అన్నాడు అంకన్న.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వెన్నలో ఆమె బర్రె పాలను మించినవి ఆ ఊర్లో లేవు మరి.

"పచ్చిపాలు ఇంట్లో ఎవరైనా తాగుతారా అమ్మా?" ఆనంద్ బాబు మెల్లగా అడిగినాడు. అందరినీ అక్కా, పెద్దమ్మా అంటాడు. ఆమెను మాత్రం అమ్మా అన్నాడు.

"నా మనవరాలు తాగుతుంది. కాచితే పాల బలం పోతుంది."

మూడేళ్ల గోపిక ఆమె కొంగు పట్టుకొని నిలబడుండాది. నెల నుంచీ విరేచనాలు కట్టడం లేదు ఆ పిల్లకు. చేతులు జొన్నదంట్ల మాదిరి అయినాయి. ఆయన చాలాసేపు పిల్లనే చూసినాడు.

మర్నాడు పాలు పితికే వేళకు ఇంటికే వచ్చినాడు. పితికిన పాలు పితికినట్టే ఒక గొట్టంలో పట్టుకున్నాడు.

రాఘవమ్మ లేచి, గుంజ దగ్గరి ముంతలో నుంచి చేరెడు నీళ్లు తీసి పాలల్లో కలిపింది.

ఆయన ఇంకో గొట్టం పట్టుకున్నాడు.

"నీళ్లెందుకమ్మా?"

"ఇవి నీళ్లా? దిష్టికి. ఉత్త పాలు గడప దాటితే పొదుగు ఎండుతుంది."

రెండు గొట్టాలూ వేన్నీళ్లలో నిలబెట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె పేడ తీసింది, కసువు ఊడ్చింది, చూడనట్టే చూసింది.

పొద్దు చింతకొమ్మ ఎక్కేసరికి ఒకదాంట్లో నీలం పలచబడి, పలచబడి, కల కరిగినట్టు పోయింది. ముందు పట్టింది మాత్రం అట్లనే ఉండాది.

"బర్రె మంచిదమ్మా. పాలూ మంచివే. క్రిములు ఆ ముంత నీళ్లతోనే వచ్చినాయి. పిల్లకు కాచి పొయ్యి."

ముంతనంటే ఆమెకు మండింది.

"మా అత్త పోసింది, ఆమె అత్త పోసింది. ఎవురూ చావలా. నువ్వు ఏ తల్లి పాలు తాగి పెరిగినావో గానీ, పాలకే వంక పెడుతుండావు. లే, నా అరుగు మీంచి."

ఆయన ఏదో చెప్పబోయి మానుకున్నాడు. గొట్టాలు కడిగి, సంచిలో పెట్టుకొని పోయినాడు.

రాఘవమ్మ ఊరుకోలా. కేంద్రంలో పాలు పోయించుకునే సునీతను పట్టుకొని, "ఆయన ఉంటే నేను పాలు పొయ్యను" అనింది. ఆ మాట పైవాళ్ల దాకా పోయింది. వారానికి ఆయన బదులు ఇంకొకరొచ్చినారు.

ఆ నెలలోనే గోపిక కళ్లు తేలేసింది. మార్కాపురం ఆస్పత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన మాట ఒకటే.

"పచ్చిపాలు పోస్తుండారా?"

రాఘవమ్మ తలూపింది.

పిల్ల బతికింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో పాలు పొంగకుండా పొయ్యి దిగలేదు. చేరెడు నీళ్లు మాత్రం ఆమె మానలా. పాలల్లో కాదు, బర్రె కాళ్ల మీద చల్లింది. పొదుగేమీ ఎండలా.

బర్రె మళ్లీ ఈనినప్పుడు, తొలి జున్ను గిన్నెలో మూటగట్టి, సునీతనడిగి ఆయన ఇల్లు తెలుసుకొని, దోర్నాల బస్సెక్కింది.

శ్రీశైలం రోడ్డు పక్కన టీ హోటలు. ఆయన్ను పెంచిన చిన్నమ్మ సువార్తమ్మదే అది.

"మొన్ననే రైలెక్కినాడమ్మా, అస్సాంకు. ఆడా పాల పనే. ఇప్పట్లో రాడు."

రాఘవమ్మ గిన్నె ఒళ్లో పెట్టుకుంది. జున్ను ఎన్నాళ్లు నిలుస్తుంది?

"యా ఊరు మీది?"

ఊరు చెప్పింది, పేరు చెప్పింది. సువార్తమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"మీ పెద్దోడు కంభం ఆస్పత్రిలో పుట్టినాడు కదూ?"

"నీకెట్ల తెలుసు?"

"ఆ వార్డులో మీ పక్క మంచం మా అక్కదే, వీణ్ణి కన్నతల్లిది. మిమ్మల్ని చూడాలనే వాడు అడిగి మరీ ఆ ఊరు వేయించుకున్నాడు. చెప్పినావా రా అంటే, చెప్పేలోపలే కోప్పడిందిలే చిన్నమ్మా అని నవ్వినాడు."

రాఘవమ్మ కళ్ల ముందు ఒక తెల్ల దుప్పటి, దాని పక్కన ఏడుస్తున్న గుడ్డమూట మెదిలినాయి.

ఈ కథ నువ్వూ నీ పిల్లలకు చెప్పాల తల్లీ, ఏది మరిచినా ఇది మాత్రం మరవొద్దు: "ఏ తల్లి పాలు తాగినావో" అని ఆమె తరిమేసిన ఆ మనిషి, కన్నతల్లి పోయిన పొద్దు మొదలు ఏడు దినాలు తాగింది, ఎవురి బిడ్డ అని కూడా అడక్కుండా ఆమె ఇచ్చిన చనుబాలే.