తేనెపెట్టెకు నల్లగుడ్డ

నా పసిబిడ్డ మేబెల్ నిద్రలోనే ఊపిరి ఆపేస్తుందేమోనన్నదే నా భయం. మొదటి బిడ్డ హ్యూ అలాగే పోయాడు. ఇంగ్లండులో వై నది ఒడ్డున మా హియర్‌ఫోర్డ్‌షైర్ తోటల్లో, ఇంట్లో ఎవరైనా పోతే ఆ కబురు తేనెటీగలకు చెప్పి వాటి పెట్టెకు నల్లగుడ్డ కడతాం. వాడికి కట్టిన గుడ్డ మొన్ననే నా చేతులతో విప్పాను.

ఈ రాత్రి పెట్టెకు కొత్త నల్లగుడ్డ ఉంది. లోపల ఈగల రొద లేదు.

"ఎందుకు కట్టావత్తా?"

"నాకేం పనిలేదనుకున్నావా? నువ్వే కట్టి మరిచిపోయుంటావు, మతిమాలినదానా!" అంటూ అత్త లాంతరు ఎత్తింది. అది నేను వేసే ముడి కాదని చూసి లాంతరు దించింది. "నేను కట్టలేదే, అమ్మాయ్."

పాలవేళ దాటినా పైగదిలోంచి ఏడుపు వినిపించడం లేదు. మెట్లెక్కడానికి మా ఇద్దరికీ కాళ్లు రావడం లేదు. మీకు దండం పెడతాను, ఒక్కసారి పైకెళ్లి ఉయ్యాల్లో మేబెల్ ఎలా ఉందో చూడరూ.