మూడు గంటలకి వచ్చే నొప్పి

గోడ గడియారం మూడు కొట్టకముందే తేసిక్ చేతిలో గరిటె జారి పడింది.

ఒక్‌బున్ కొట్లోంచి వంటింట్లోకి తొంగిచూసింది. కొడుక్కి నొప్పి వచ్చేసింది.

ఐదేళ్ళుగా వసంతం వస్తే ఇదే వరస. రోజూ అదే వేళకి కుడి కన్ను ఎర్రబడి ధారగా నీళ్ళు కారతాయి. ఆ కంటి వెనక ఎవరో కాల్చిన చువ్వ పెట్టి తిప్పుతున్నట్టుంటుందట. గంటసేపు కూర్చోలేడు, పడుకోలేడు. వంటింట్లో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతాడు. తట్టుకోలేనప్పుడు తల గోడకేసి కొట్టుకుంటాడు.

పళ్ళ డాక్టరు రెండు దవడ పళ్ళు పీకాడు. ముక్కు డాక్టరు ముక్కుకి ఆపరేషన్ చేశాడు. నొప్పి మాత్రం వేళ తప్పలేదు.

"అమ్మా, ఇంకో వసంతం నా వల్ల కాదే" అన్నాడు వాడు నిన్న.

అప్పట్నుంచి ఆమె డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుని తిరుగుతోంది.

వంటింట్లోంచి ధన్ ధన్‌మని చప్పుడు.

చారు కొట్లో ఉన్న ఒకే ఒక్క గిరాకీ, ఓ ముసలాయన, చెంచా కింద పెట్టాడు. మూడు రోజులుగా ఎండుచేప చారు తాగడానికి వస్తున్నాడు. వెంట ఒక చక్రాల సంచీ లాక్కుని తిరుగుతాడు. సోజు సారా తెమ్మంటారా అంటే గ్లాసు బోర్లించేస్తాడు.

"చెల్లమ్మా, అబ్బాయికి ఒక పక్కేనా నొప్పి?"

"మీకెందుకండీ?"

"రోజూ ఇదే టైముకా?"

ఆమె వంటింటి వైపు ఓ అడుగు వేసింది.

"చుక్క సారా పడితే అప్పటికప్పుడే మొదలవుతుంది కదూ?"

అన్నీ నిజమే. అందుకే ఆమెకి భయమేసింది. ముక్కూమొహం తెలియని మనిషి ఇంటి గుట్టు విప్పుతున్నాడు. దేవుడి పేరు చెప్పి కొంపలు ముంచేవాళ్ళు ఇలాగే మొదలుపెడతారు. పక్క కొట్టు చుంజా మేనకోడల్ని ఇలాగే ఎగరేసుకుపోయారు.

ముసలాయన సంచీ జిప్పు లాగాడు. లోపల చిన్న సిలిండరు, గొట్టం, ముక్కూ నోరూ కప్పే మాస్కు.

"ఆక్సిజన్. పావుగంట పీలిస్తే తగ్గుతుంది. మంట దగ్గర వద్దు, ముందు పొయ్యి కట్టెయ్యి. త్వరగా పెట్టమ్మా."

"పొయ్యి ఆర్పమంటారు. మా వాడి మొహానికి మీ మూతిగుడ్డ కట్టమంటారు. రేపొచ్చి కొట్టు రాసిమ్మంటారా?"

"ఏమీ వద్దు. నేను అమ్మేవాణ్ణి కాను, డాక్టర్నీ కాను."

"మరెవరు?"

ఆయన నోరు తెరిచేలోగా చప్పుడు విని చుంజా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమే తేసిక్ వాళ్ళమ్మా, ఈ ముసలాయన మీ దగ్గరా మొదలెట్టాడా? నిన్న మా కొట్లోనూ మీవాడి గురించి కూపీ లాగాడు. ఇంకా చూస్తావేంటే, ఉప్పు తియ్యి."

ముసలాయన సిలిండర్ని సంచీతో సహా బల్ల పక్కన నిలబెట్టాడు.

"పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకి చూపించు. ఇది ప్రాణం తీసే జబ్బు కాదు చెల్లమ్మా, బతుకు మీద విరక్తి పుట్టించే జబ్బు. వాణ్ణి ఒంటరిగా వదలకు."

అని బయటికి నడిచాడు.

పీడ మళ్ళీ గడప తొక్కకూడదని ఒక్‌బున్ గుప్పెడు ఉప్పు తీసి ఆయన వీపు మీదికి విసిరింది. ఆయన తిరిగి చూడలేదు. భుజం మీది ఉప్పు కూడా దులుపుకోలేదు.

ఆ సిలిండరు ఎక్కడ పేలుతుందోనని ఆమెకి మరో భయం. ఆ పూటే పాత ఇనప సామాను వాడికి ఎత్తించేసింది.

పదో రోజున తేసిక్ నుదురు చిట్లి నెత్తురోడింది. గ్వాంగ్జు నగరంలో పెద్దాసుపత్రికి పరిగెత్తారు.

కట్టు కడుతుండగానే డాక్టరమ్మ అడిగింది. "ఒక పక్కేనా? రోజూ ఇదే టైముకా?"

మాస్కు తెచ్చి మొహానికి పెట్టింది.

పావుగంటకి తేసిక్ మంచం అంచున నిమ్మళంగా కూర్చున్నాడు. "అమ్మా, పోయిందే" అన్నాడు నమ్మలేనట్టు.

"దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారు" అంది డాక్టరమ్మ. "మళ్ళీ మళ్ళీ వస్తుంది. కానీ అదుపులో పెట్టుకోవచ్చు. రాకుండా మాత్రలు రాస్తాను. వచ్చినప్పుడు ఇంట్లో ఆక్సిజన్ ఉండాలి. నొప్పొచ్చే ఈ రెండు నెలలూ సారా ముట్టనివ్వకండి."

ఒక్‌బున్ అరచేతులు పైబట్టకేసి తుడుచుకుంది. వాటికి ఉప్పేమీ అంటలేదు. అయినా తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే పాత ఇనప సామాను కొట్టుకి వెళ్ళింది. సిలిండరు ఇంకా ఓ మూల పడి ఉంది. మెడకి కట్టిన చీటీ మీద పేరు, రేవు పక్క సత్రంలో గది నంబరు ఉన్నాయి.

వేడి చారు గిన్నెలో పోసి మూటకట్టి, సిలిండరూ వెంట తీసుకుంది. ఏమని క్షమాపణ చెప్పుకోవాలో దారంతా గొణుక్కుంటూ నడిచింది.

సత్రం ఆవిడ వాకిట్లో దుప్పట్లు ఆరేస్తోంది.

"బే యోంగ్‌మన్‌గారి గది ఎటండీ?"

"ఆయన పోయి పదకొండు రోజులైంది కదమ్మా. మెట్ల మీంచి పడ్డాడు. నా అన్నవాళ్ళెవరూ రాలేదు. మీరేమవుతారు?"

ఒక్‌బున్ చారు గిన్నె దించడం కూడా మర్చిపోయింది.

అప్పుడు ఆవిడ చూపు ఆమె రెండో చేతిలోని సిలిండరు మీద పడింది.

"ఇది మీ దగ్గరుందా? ముప్పయ్యేళ్ళ తలనొప్పమ్మా ఆయనది. ఇది పీలిస్తేనే గదిలో నిలబడగలిగేవాడు, లేకపోతే పిచ్చివాడిలా మెట్లన్నీ ఎక్కి దిగేవాడు. ఆ రోజు చేతులూపుకుంటూ వచ్చాడు. నొప్పొచ్చే వేళకి దాన్నెక్కడ పారేసొచ్చావయ్యా అని తిట్టాను కూడా."

"ఏమన్నాడు?"

"ఎవరో పిల్లాడికి నాకంటే అరగంట ముందొచ్చింది, ఇచ్చేశాను అన్నాడు."