ఆదర్శ విక్రేత

డ్రిల్లు మాస్టారు కట్టుడుపళ్లు తీసి కౌంటరు మీద పెట్టాడు.

“చూసుకో నాయనా. ఇంతకంటే రుజువేం కావాలి?” అన్నాడు బోసినోటితో.

షాపాయన వాటిని ముట్టుకోకుండా వంగి చూశాడు. “పళ్లు ఆరేళ్ల పిల్లలకీ ఊడతాయి మాస్టారూ. కార్డు కావాలి.”

“నీకు కవాతు నేర్పిందే నేను. మీ నాన్న నాకంటే చిన్నవాడు.”

“మా నాన్నొచ్చి సిగరెట్లు అడిగినా కార్డు చూపించమంటాను.”

“నిన్న తెచ్చానుగా.”

“అందులో ఫొటోకి జుట్టుంది, మీకు లేదు. ఇద్దరూ ఒకరేనని ఎవరు చెప్పాలి?”

“మా ఆవిడ చెబుతుంది.”

“ఆవిడ మేజరని రుజువుందా?”

మాస్టారు పళ్లు మళ్లీ పెట్టుకుని, ఊరికే పోవడం బాగుండదని ఒక బిస్కెట్ ప్యాకెట్టు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఈ మధ్య ఆ షాపుకి సిగరెట్ల కోసం వచ్చిన వాళ్లందరూ బిస్కెట్లతోనే ఇంటికి పోతున్నారు.

షాపాయన మొదటినుంచీ ఇంత నిప్పులాంటి మనిషేం కాదు. కిందటేడు లిప్‌స్టిక్ వేసుకుని వచ్చిన ఒక స్కూలు పిల్లకి స్ట్రాబెర్రీ వాసన వచ్చే వేపు, అదే కరెంటు సిగరెట్టు, అమ్మి దొరికిపోయాడు. జరిమానా వేశారు, కొన్నాళ్లు షాపుకి సీలు వేశారు. ఇంకోసారి దొరికితే లైసెన్సు శాశ్వతంగా రద్దు అన్నారు. షాపు మామగారిది. ఆ రోజు షాపాయన భార్య ఏడవలేదు, అరవలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

“మీ నోట్లో సిగరెట్టు, కళ్ల ముందు పొగ. ఎదుటివాళ్ల వయసేం కనిపిస్తుంది? ఇవాళ్టినుంచి తాగడం మానెయ్యండి. లేదా షాపు మా తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చోండి.”

ఆ తమ్ముడంటే షాపాయనకి ఒళ్లుమంట. అక్కడికక్కడే ఒట్టేశాడు. సిగరెట్లూ వేపులూ ఉన్న అద్దాల అరకి తాళం వేసి, తాళంచెవి గొలుసుతో బెల్టుకి తగిలించుకున్నాడు. అప్పటినుంచి జేబునిండా పిప్పరమెంట్లే. మనసు లాగినప్పుడల్లా షాపు వెనకాల పిల్లికి పాలు పోసి వస్తానని వెళ్లేవాడు. పిల్లి బెదురుతుందని భార్యని అటు రానిచ్చేవాడు కాదు. పక్కనున్న మురిక్కాలవ వాసన పోవడానికి అక్కడేదో స్ట్రాబెర్రీ సెంటు కూడా కొట్టేవాడు. మూగజీవాల మీద ఇంత దయ ఉన్న మనిషినా అనుమానించానని ఆవిడ నొచ్చుకుంది కూడా.

“అమ్మనప్పుడు ఆ సరుకెందుకండీ? ఏజెంటుకి తిరిగి ఇచ్చేద్దాం,” అంది ఓ మధ్యాహ్నం అరలోని పెట్టెలు బయటినుంచే లెక్కపెడుతూ. ఎప్పుడు లెక్కపెట్టినా ఒక్కటీ తగ్గలేదు.

“వద్దొద్దు,” అన్నాడు షాపాయన కంగారుగా. “అర నిండుగా ఉంటేనే షాపుకి కళ.”

ఇంతలో తనిఖీలు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరమ్మ మొదట మీసాలు రాని ఒకణ్ణి పంపింది, వాడు బిస్కెట్లతో తిరిగొచ్చాడు. గడ్డం పెంచిన ఒకణ్ణి పంపింది, వాడూ బిస్కెట్లతోనే వచ్చాడు. చివరికి మామూలు చీరలో తనే వెళ్లింది. కార్డు అంచు నలిగిందని ఆవిణ్ణీ పంపించేశాడు. ఆఫీసులో టీ వేళకి ఇక బిస్కెట్లు కొనాల్సిన అవసరం లేకపోయింది.

వారం తిరక్కుండా ఆవిడ శాలువాతో, ‘ఆదర్శ విక్రేత’ అని రాసిన ఫ్రేముతో దిగింది. వెంట ఆ బజారులో షాపులవాళ్లందరూ, డ్రిల్లు మాస్టారూ ఉన్నారు.

“ఈయన్ని చూసి నేర్చుకోండి,” అంది వాళ్లతో.

శాలువా భుజాల మీద పడగానే షాపాయన భార్యకి కళ్లు చెమర్చాయి. ఇంతకాలానికి తన మొగుడు నలుగురిలో తలెత్తుకున్నాడు. పక్కనే నిలబడ్డ తమ్ముడి వైపు గర్వంగా చూసింది.

“ఇప్పుడు సక్రమమైన అమ్మకం ఎలా ఉంటుందో అందరికీ ఒకసారి చేసి చూపించండి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “మాస్టారూ, రండి.”

మాస్టారు పెళ్లికొడుకులా ముందుకొచ్చాడు. కొత్త ఫొటోతో కొత్త కార్డు, పింఛను పుస్తకం, భార్య, భార్య కార్డు అన్నీ తెచ్చుకున్నాడు.

షాపాయన కార్డుని ముందూ వెనకా తిప్పి చూశాడు. “ఇది దొంగ కార్డేమోనండీ.”

“నేను పరిశీలించాను. అసలుదే.”

“మాస్టారికి దగ్గుంది. పాపం తగులుతుంది నాకు.”

“దగ్గు నాది కాదు,” అన్నాడు మాస్టారు. “పొద్దుట్నుంచీ దగ్గుతున్నది నువ్వు.”

“తాళంచెవి ఇంట్లో మర్చిపోయాను.”

“మీ బెల్టుకే ఉందిగా,” అంది భార్య నవ్వుతూ. ఇంత మర్యాద జరుగుతుంటే మొహమాటపడుతున్నాడనుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టేలోపే గొలుసు లాగి, అర తెరిచి, ముందు వరసలోంచి ఒక పెట్టె తీసింది.

తీసి ఆగిపోయింది. పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి ఆడించింది. తర్వాత వెనక వరసలోంచి ఒకటి తీసింది. అందరూ చూస్తున్నారు. షాపాయన శాలువా తల మీదికి లాక్కుని, పిల్లికి పాలు పోసే వేళయిందని గొణిగాడు.

సరుకంతా ఎప్పుడో ఆయన ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోయింది.